వెనక్కి చూస్తున్న బాణం

“నేనే చంపానండీ. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?”

డ్రైవర్ ఆ మాట అనడం అది నాలుగోసారి. అబద్ధమాడేవాడు రెండోసారికి మాట మారుస్తాడు, మూడోసారికి మెరుగులు దిద్దుతాడు. ఇతను అప్పజెప్పిన పాఠంలా ఒక్క అక్షరం పొల్లుపోకుండా అదే చెబుతున్నాడు. అబద్ధం చెప్పడం లేదు. అలాగని చెప్పేది నిజమూ కాదని నిదానం గారికి తోస్తోంది.

నిదానం అన్నది ఆయన పేరు కాదు. ముప్పై ఏళ్లు డిటెక్టివ్‌గా ఏ పనీ తొందరపడి చేయనందుకు జనం తగిలించిన పిలుపు. ఇంట్లో భార్యా అలాగే పిలిచేది. “మా నిదానం గారు చెప్పులు వేసుకుంటున్నారు, మీరు ఈలోగా పేపరు చదువుకోండి” అనేది, పిలవడానికి వచ్చినవాళ్లతో. ఆవిడ పోయి మూడేళ్లయింది. చెప్పులు వేసుకునేటప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు ఆయన, ఆ మాట వినపడుతుందేమోనన్నట్టు.

చేతి గడియారం రెండూ పది చూపిస్తోంది. పై ఊళ్లో, పాడైన బండ్లను లాక్కొచ్చి పడేసే యార్డు అది. రేకుల షెడ్డు కింద, ముక్కు నలిగిపోయిన కారు ఒకటి. దాని పక్కన బల్ల మీద, కుడిచేతికి కట్టుతో డ్రైవర్. మంగళవారం పొద్దున ఆ కారు కొండ రోడ్డు మూడో మలుపులో గట్టు దాటి కిందికి పోయింది. వెనక సీట్లో కూర్చున్న పెద్ద టీచరమ్మ అక్కడికక్కడే పోయింది. పదకొండేళ్లుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్న ఇతను మాత్రం బతికాడు. అదే పెద్ద నేరమైనట్టుంది అతని వాలకం.

నిదానం గారిని పిలిచింది అతని అక్క. “మా వాడు దేనికైనా సంతకం పెట్టేసేలా ఉన్నాడు, మీరే కాయాలి” అంది. నాలుగు గంటలకి కింది ఊళ్లో లాయరు ఆఫీసులో పెట్టాల్సిన సంతకం అది. ‘బండి నడుపుతూ నిద్రపోయాను’ అని ఒప్పుకుంటే బీమా కంపెనీకి కేసు ముగుస్తుంది. ఇతనికి జైలు మొదలవుతుంది.

“ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?” అడిగారు నిదానం గారు.

“తొమ్మిదింటికండి.”

“బయల్దేరింది?”

“ఆరున్నరకి. అమ్మగారికి కింద ఊళ్లో కళ్ల డాక్టరు దగ్గర టైముంది.”

“బండి పడింది ఆరూ యాభైకి. రాత్రి తొమ్మిదింటికి పడుకున్నవాడికి, బయల్దేరిన ఇరవై నిమిషాలకి కునుకు పట్టిందా?”

“పట్టే ఉంటుందన్నారు బీమా సర్వేయరు గారు. నిద్రపోకపోతే మలుపులో బండి తిన్నగా ఎలా పోతుందని అడిగారు. నాకు జవాబు తోచలేదండీ.”

“జవాబు తోచకపోతే నేరం ఒప్పేసుకుంటారటయ్యా? ఆ లెక్కన చిన్నప్పుడు బళ్లో నేను రోజుకో ఉరిశిక్ష వేయించుకోవాల్సింది.”

డ్రైవర్ నవ్వబోయాడు. నవ్వు సగంలో తప్పయిపోయినట్టు తల దించుకున్నాడు.

“సరే, మలుపు సంగతి చెప్పు. నీ చేతులేం చేశాయో చెప్పు చాలు.”

“కుడి మలుపండి. రోడ్డు తడిగా ఉంది. స్పీడు నలభై లోపే. స్టీరింగు కుడికి తిప్పాను, బండి తిరగబోయింది. తిరగబోయి...” ఎడమ చెయ్యి గాల్లో ఆగింది. “ఎవరో ఎడమ పక్క చక్రం పట్టుకుని లాగినట్టయిందండీ. నేనింకా తిప్పాను. అదింకా లాగింది. మీటర్ల దగ్గర పసుప్పచ్చ దీపం వెలిగింది.”

“ఏ దీపం?”

“కారు బొమ్మ, కింద పాము మెలికల్లా రెండు గీతలు ఉంటాయే, అది.”

“అంతకుముందెప్పుడైనా వెలిగిందా?”

“లేదండీ. శనివారం మెకానిక్కు దగ్గర్నుంచి వచ్చింది బండి. ఆదివారం కదల్లేదు. సోమవారం బజారుకి వెళ్లొచ్చాం, మెల్లిగా. మలుపులెక్కింది మంగళవారమే.”

“మెకానిక్కు దగ్గరికెందుకు వెళ్లింది?”

“ఆ ముందు వారం వానకి మా వీధంతా మునిగింది కదండీ. కారులో నీళ్లు నిలిచాయి. సీట్లు పీకి, కింద కార్పెట్టు తీసి, అడుగున ఉన్నవన్నీ విప్పి ఆరబెట్టించాం.”

నిదానం గారు పెన్సిలు పైకెత్తారు. “ఆఖరికి టీచరమ్మ ఏమన్నా అందా?”

డ్రైవర్ కట్టు ఉన్న చేతి వైపు చూసుకున్నాడు. “స్టీరింగు వదిలెయ్ నాయనా, చేతులు విరుగుతాయి అన్నారండీ.”

షెడ్డు రేకు మీద మొదటి చినుకు పడింది. పోతూ పోతూ కూడా అవతలివాడి చేతుల గురించి ఆలోచించిన మనిషి. అంత దయను మోయలేకే ఇతను జైలుకి పోతానంటున్నాడని నిదానం గారికి అర్థమైంది.

“ఆ మెకానిక్కు ఎవరు?” అని ఆయన అడుగుతుండగానే గేటు దగ్గర హారన్ మోగింది.

కడిగిన ముత్యంలా ఉన్న కారు దిగి, సర్వేయరు లోపలికొచ్చాడు. బీమా కంపెనీ తరఫున ఈ కేసు చూస్తున్నది అతనే. నాలుగేళ్లు నిదానం గారి దగ్గర పని నేర్చుకుని, ఈ నడకతో మనవల పెళ్లిళ్లకి కూడా కేసు తేలదంటూ వెళ్లిపోయినవాడు.

“ఏం గురువుగారూ, ఇంకా మొదటి ప్రశ్నలోనే ఉన్నారా?”

“రెండోదానికొచ్చాను. నువ్వు అడ్డొచ్చావు.”

“పద తమ్ముడూ,” అన్నాడు సర్వేయరు డ్రైవర్‌తో. “నాలుగింటికి లాయరు ఉండమన్నాడు.”

“ఒక్క నిమిషం.” నిదానం గారు సంచిలోంచి ఫొటో తీశారు. గట్టు మీద మెత్తటి మట్టి, అందులో చక్రాల జాడలు. “మూడు చక్రాల కింద టైరు అచ్చు స్పష్టంగా పడింది. అంటే అవి దొర్లాయి. ఎడమ ముందు చక్రం కింద మాత్రం మట్టి పారతో గీరినట్టుంది. దానికొక్కదానికే బ్రేకు పడింది. కాలితో తొక్కితే బ్రేకు నాలుగింటికీ పడుతుంది. ఒక్క చక్రానికి వేసే పెడలు ఏ కారులో ఉందోయ్?”

“ఏ రాయో అడ్డుపడి ఉంటుంది.”

“ఏదీ ఆ రాయి?”

“దొర్లిపోయి ఉంటుంది.”

“చక్రాన్ని దొర్లనివ్వని రాయి తను మాత్రం దొర్లుకుంటూ పోయిందా?”

మూలన స్టూలు మీద కూర్చున్న యార్డు కాపలా తాత కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పెట్టుకున్నాడు. సర్వేయరు చెవులు ఎర్రబడ్డాయి.

“మీరింకా మట్టి పిసుక్కుంటున్నారు గురువుగారూ. ఇతను నిద్రపోయాడు, దీపం కథ చెబుతున్నాడు. దీపమట! పొద్దున ఇక్కడికి కొండెక్కుతుంటే నా కారులోనూ వెలిగింది అలాంటిదే. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే పోయింది. నేనేమన్నా లోయలో పడ్డానా?”

“అతని సంతకం రేపటి దాకా ఆపు. ఈ కారు అడుగు విప్పి చూడాలి.”

“రేపటి దాకా! మీ దగ్గర నేను చూసిన రేపులు చాలు. మీ రేపుల కోసం ఎదురుచూస్తూ కోర్టులో నేరుగా దొరికిపోయే కన్నా, తనంతట తను ఒప్పుకుంటే ఇతనికి శిక్ష తగ్గుతుంది. ఇతని మంచి చూసేది నేను, మీరు కాదు.”

“నిన్ను చేరదీయడమే నేను చేసిన తప్పు,” అన్నారు నిదానం గారు.

అన్న తర్వాత ఆ మాట ఎంత దూరం వెళ్లిందో చూశారు. సర్వేయరు మొహంలో పెద్దరికమంతా ఒక్కసారి రాలిపోయి, ఒకప్పుడు సంచి పట్టుకుని తన వెనక నడిచిన కుర్రవాడు కనిపించాడు. ఆ తర్వాత ఆ మొహం మూసుకుపోయింది.

“అయితే ఇవాళ్టితో ఆ తప్పు దిద్దుకోండి. నా నంబరు చెరిపేయండి. మీ ఫోనొస్తే నేనెత్తను.”

డ్రైవర్ లేచాడు. కూర్చున్న బల్లను అలవాటుగా చేత్తో తుడిచాడు. జేబులోంచి కళ్లజోడు పెట్టె తీసి నిదానం గారి చేతిలో పెట్టాడు. “అమ్మగారిదండీ. సీటు కింద దొరికింది. అద్దం కూడా పగల్లేదు. వాళ్లమ్మాయి గారికి ఇవ్వండి, నా మొహం చూపించలేను.”

రెండూ నలభై ఎనిమిదికి కారు గేటు దాటింది. యార్డు ఊరికి అవతలి కొసన ఉంది; కొండ దిగే రోడ్డు మొదలయ్యే చోటికి అక్కణ్ణుంచి పాతిక నిమిషాలు.

నిదానం గారు చొక్కా చేతులు మడిచి, నలిగిన కారులోకి దూరారు. ఈ కాలపు కార్లలో బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు ఒకటుంటుందని ఆయనకి తెలుసు. ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేయగలిగేది అదొక్కటే. దానికి కబురందించే సెన్సర్ ఎక్కడుంటుందో మాత్రం తెలియదు. బండి నడిమధ్యన ఉండాలని లెక్క. ఊగేదాని సంగతి సరిగ్గా తెలిసేది నడుము దగ్గరే కదా.

“తాతా, స్క్రూడ్రైవరుందా?”

“స్క్రూడ్రైవరుంది, టార్చీ ఉంది. టార్చి వెలగాలంటే నెత్తిన రెండు మొట్టికాయలెయ్యాలి,” అంటూ తాత రెండూ తెచ్చాడు. రేకు కారుతున్న చోట ఒక గోనె పట్ట పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు, తన భుజం తడుస్తున్నా. నిలబడమని ఎవరూ అడగలేదు.

మొదట సీట్ల కింద వెతికారు. లేదు. గేరు చుట్టూ ఉన్న తోలు తొడుగు ఊడదీశారు. వైర్లే. రెండు సీట్ల మధ్యనున్న ప్లాస్టిక్ పెట్టెకి ఆరు స్క్రూలు. మూడు తేలిగ్గా వచ్చాయి, తాజాగా విప్పి బిగించినట్టు. నాలుగోది వంగిపోయి ఉంది. దానికే ఏడు నిమిషాలు పట్టింది. పెట్టె పైకి లేచింది. హ్యాండ్‌బ్రేకు పక్కన, నేలకి రెండు బోల్టులతో బిగించి ఉంది నల్లటి డబ్బా ఒకటి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది.

“అదేటయ్యా?” అన్నాడు తాత.

“బండి ఎటు తిరుగుతోందో, ఎటు తోసుకుపోతోందో ఇది చెబుతుంది తాతా. ఇది చెప్పిందాన్ని బట్టి కంప్యూటరు బ్రేకు వేస్తుంది.”

“అది అబద్ధం చెబితేనో?”

నిదానం గారు టార్చి దగ్గరగా పెట్టారు. డబ్బా మీద ఉబ్బెత్తుగా ఒక బాణం గుర్తు. అది బండి ముందు వైపు చూడాలి. చూడటం లేదు. వెనక సీటు వైపు చూస్తోంది, టీచరమ్మ కూర్చున్న చోటికి సూటిగా.

బండి కుడికి తిరిగితే ఎడమకి తోసుకుపోతోందని చెప్పింది ఈ డబ్బా. కంప్యూటరు పాపం నమ్మింది. రక్షించబోయి ఎడమ చక్రానికి బ్రేకు వేసింది. బజారు రోడ్డు మీద మెల్లిగా పోయినంతసేపూ దాని అవసరం పడలేదు కాబట్టి బయటపడలేదు. డ్రైవర్ నిద్రపోలేదు. పదకొండేళ్లుగా ఎప్పుడూ తిప్పినట్టే తిప్పాడు.

నిదానం గారికి ప్రాణం లేచొచ్చింది. ఫొటో తీద్దామని ఫోను దగ్గరికి పెట్టబోయి ఆగిపోయారు.

డబ్బాకి, బండి ముందు వైపున్న అంచున, మినప గింజంత చుక్క ఒకటి. పెయింటు కాదు. కాల్చిన ఇటుకలో కాస్త గులాబీ కలిపినట్టుండే రంగు. గోళ్ల రంగు.

ఆ రంగు ఆయన ఇరవై ఆరేళ్లు చూశారు. అన్నం వడ్డించే వేళ్ల మీద, పేపరు మడిచే వేళ్ల మీద. ఆసుపత్రి మంచం మీద ఉండగా భార్య ఆ సీసాని తన తమ్ముడి చేతిలో పెట్టింది. “నాకెందుకురా ఇంక. నీ బోల్టులకి పెట్టుకో, ఏది ఎక్కడిదో మర్చిపోకుండా ఉంటావు” అంది. తమ్ముడు మెకానిక్కు. అప్పట్నుంచి ఏది విప్పినా ముందు అక్క చుక్క పెట్టి విప్పుతాడు. సీసా ఎండిపోకుండా మూడేళ్లుగా థిన్నరు పోసి పోసి కాపాడుకుంటున్నాడు.

మూలన తాత సామాన్ల పెట్టెలో థిన్నరు డబ్బా కనబడుతూనే ఉంది. జేబులో రుమాలుంది. ఒక్కసారి తుడిస్తే చాలు. నల్ల డబ్బా వెనక్కి తిరిగి ఉందన్న సాక్ష్యం అలాగే ఉంటుంది. తిప్పిందెవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లింది. అక్కడ కళ్లజోడు పెట్టె తగిలింది.

చెయ్యి బయటికి తీసి, బామ్మర్దికి ఫోను చేశారు.

“చెప్పు బావా. తిన్నావా?”

“ఒరేయ్, పెద్ద టీచరమ్మ కారు శనివారం చేసింది నువ్వేనా?”

“నేనే. ఆవిడ కబురు విన్నప్పట్నుంచీ ముద్ద దిగట్లేదు. పని చేయించుకున్నాక కూడా, మోకాళ్ల నొప్పులకి మందు రాసుకో నాయనా అని చెప్పి మరీ వెళ్లింది.”

“హ్యాండ్‌బ్రేకు పక్కన నల్ల డబ్బా విప్పావా?”

“ఆ వారమంతా విప్పింది అవే కదా. నీళ్లు తాగి ఉన్నాయి. చుక్క పెట్టే విప్పాను బావా, నీకు తెలుసుగా.”

“చుక్క ఎటు పెడతావు?”

“నా వైపు. ముందు సీట్లు పీకి బయట పెడతాను, వెనక కూర్చుని డబ్బా విప్పుతాను, వెనక కూర్చునే బిగిస్తాను. చుక్క నా మొహం చూస్తుంటే సరిగ్గా ఉన్నట్టే. ఎందుకలా అడుగుతున్నావ్?”

“శనివారం కూడా వెనక కూర్చునే బిగించావా?”

అవతల పానా ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

“బావా,” అన్నాడు. “శనివారం నువ్వు ఫోను చేశావు.”

చేశారు. శనివారం భార్య పోయిన రోజు. ఏడాదికోసారి ఆ మధ్యాహ్నం బావా బామ్మర్దీ కలిసి అన్నం తింటారు. పన్నెండున్నర దాటినా ఇతను రాలేదు. ఎదురుగా రెండు కంచాలు పెట్టుకుని ఒక్కడే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ‘ఎంతసేపురా, అన్నం చల్లారిపోతోంది, తొందరగా రా’ అన్నారు.

“నీ నోట తొందర అన్న మాట పుట్టి బుద్ధెరిగి వినలేదు. నవ్వుకున్నాను కూడా. ఆ ఊపులో సీట్లు ముందే బిగించేశాను. తీరా చూస్తే డబ్బాలు బల్ల మీదే ఉన్నాయి. మళ్లీ సీట్లు పీకే ఓపిక లేక స్టీరింగు కింద దూరి, వెనక్కి తిరిగి బిగించాను. చుక్క... చుక్క నా వైపే పెట్టాను బావా.”

“తెలుసురా. నా ఎదురుగానే ఉంది.”

ఆయన వేళ్లు మళ్లీ రుమాలు దాకా వెళ్లాయి.

“చెరిపేయొచ్చు,” అన్నారు నిదానం గారు, ఎవరితోనో అన్నట్టు.

“వద్దు బావా. ఆ డ్రైవరేం పాపం చేశాడు? అది అక్క చుక్క. దాంతో అబద్ధం చెప్పించకు. నేనొస్తున్నాను, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను.”

ఆయన కళ్లు మూసుకున్నారు. తొందరపెట్టింది తను. చేతులు మాత్రం వాడివి. అప్పుడు, చాలా ఆలస్యంగా, బామ్మర్ది అన్న ఒక మాట ఆయన చెవిలో మళ్లీ మోగింది.

“డబ్బాలు అన్నావు. ఎన్నిరా?”

“రెండు. ఆ పూట రెండు బండ్లు పక్కపక్కనే పెట్టుకుని చేశాను. రెండూ ఒకేలా బిగించాను.”

“రెండోది ఎవరిది?”

“అదేంటి, నీకు చెప్పలేదా? నీ శిష్యుడిది. బీమా కంపెనీలో ఉన్నాడే. కింది ఊరి నుంచి కంపెనీ లారీ మీదే తెచ్చాడు, లారీ మీదే తీసుకెళ్లాడు. మా గురువుగారి బామ్మర్దివి, నీకు కాకపోతే ఇంకెవరికిస్తాను అన్నాడు.”

*పొద్దున నా కారులోనూ వెలిగింది అలాంటిదే.*

ఆ మాట తన ఎదురుగా నిలబడి అన్నాడు. కోపంలో ఉండి, వెటకారాన్ని విన్నారే గాని మాటను వినలేదు. కొండ ఎక్కేటప్పుడు బండి మెల్లిగా పోతుంది కాబట్టి దీపంతో పోయింది. ఇప్పుడు దిగుతున్నాడు. వానలో. నాలుగింటికి అందుకోవాలన్న తొందరలో.

గడియారం మూడూ పదహారు. మూడో మలుపుకి ఇంకా అయిదారు నిమిషాలుంటుంది.

నంబరు నొక్కారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కారు. మధ్యలోనే కట్ చేశాడు. మూడోసారి మోగనే లేదు. డ్రైవర్‌కి చేద్దామంటే అతని ఫోను మంగళవారమే లోయలో ముక్కలైంది. అన్న మాట ప్రకారం ఫోనెత్తకుండా ఉన్నది శిష్యుడు. అంత మాట అనిపించింది తను.

“తాతా, నీ ఫోను!”

రబ్బరు బ్యాండు చుట్టిన ఫోను తాత చేతిలోంచి దాదాపు లాక్కున్నారు. ఒక రింగు. రెండు. మూడు.

“హలో, ఎవరండీ? డ్రైవింగులో ఉన్నాను, స్పీకర్లో పెట్టాను, చెప్పండి.” వెనకాల వాన, వైపర్ల చప్పుడు.

నిదానం గారు నోరు తెరిచారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? డబ్బా, బాణం, చుక్క... ఆయన మాట ఎప్పుడూ మొదట్నుంచి మొదలవుతుంది. ఆ లోపలే స్పీకర్లోంచి ఇంకో గొంతు వినిపించింది, మెల్లగా, బతిమాలుతున్నట్టు.

“సార్. ఆ దీపం వెలిగింది సార్. అదే దీపం.”

నిదానం గారు జీవితంలో రెండోసారి తొందరపెట్టారు.

“ఆపు!”

అవతల మాట లేదు. వైపర్లు మాత్రం కొట్టుకుంటున్నాయి, టక్, టక్, టక్. తాత గోనె పట్ట దించకుండా అలాగే నిలబడ్డాడు. నిదానం గారు ఫోను చెవికి అదిమిపెట్టుకుని, ఒక్కో చప్పుడూ లెక్కపెడుతున్నారు.